పసరు క్యూలో మా అపార్ట్‌మెంట్

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ ఎప్పుడూ ఏ రోగమూ రాదు. వస్తే వేడి చేస్తుంది, లేకపోతే గ్యాస్ పట్టేస్తుంది. మరీ మనిషి కూలబడితే బయటి తిండి పడలేదంటారు. బిల్డింగ్ అమీర్‌పేటలో, బల్కంపేట వైపు పోయే గల్లీలో ఉంది. ఓనర్లు ఎక్కువమంది కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఎప్పుడో కొనుక్కుని స్థిరపడ్డవాళ్ళు. అద్దెకుండేది నాలాంటివాళ్ళం, సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇక్కడ ఏదో ఒక పని చేసుకుంటున్నవాళ్ళం. నేను దగ్గర్లోనే ఒక కోచింగ్ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పుతాను. తప్పెక్కడుందో వెతకడం నా ఉద్యోగం కాబట్టి బిల్డింగ్‌లో నేనంటే ఎవరికీ పెద్ద ప్రేమ లేదు.

అసోసియేషన్ అనేది ఓనర్ల సొంత వ్యవహారం. మీటింగ్ టెర్రస్ మీద జరుగుతుంది, అద్దెవాళ్ళు పైకి రాకూడదు. నిర్ణయాలు మాకు వాచ్‌మన్ నోటి మీదుగా అందుతాయి. "లిఫ్ట్‌ల చెత్త సంచి పెట్టొద్దంట మేడమ్." "బట్టలు రెయిలింగ్ మీద ఆరెయ్యొద్దంట మేడమ్." ఆ అంటల వెనక ఉన్నది రెండో అంతస్తు ప్రెసిడెంటు గారు, రిటైర్డ్ ఇంజనీరు. సర్వీసులో ఏమేం కట్టారో నాకు తెలియదు. రిటైరయ్యాక మాత్రం లిఫ్ట్ పక్క గోడ మీద ఖాళీ లేకుండా నోటీసులు అంటించారు.

ఇక నీళ్ళ సంగతి. "మేం తాగేది క్యాన్ వాటరేనండీ" అని మా బిల్డింగ్‌లో ప్రతి ఇంటివాళ్ళూ చెప్పుకుంటారు, వంటింట్లో గంగ పుట్టినంత గర్వంగా. నిజమే, గ్లాసులో పోసుకునేవి క్యాన్ నీళ్ళే. ఆ గ్లాసు కడిగేది మాత్రం సంపు నీళ్ళతో. పళ్ళు తోముకుని పుక్కిలించేది, ద్రాక్షపళ్ళు కడిగేది, పచ్చట్లో చిలకరించేది, పెరుగు పలచన చేసేది, అన్నీ సంపు నీళ్ళే. క్యాన్ కొన్నాం కాబట్టి రోగం గడప దాటి రాదనే ధీమా అందరిదీ.

ఆ సంపు గేటు పక్కన, పార్కింగ్ కింద ఉంది. దాన్ని ఆనుకునే డ్రైనేజీ చాంబరు. రెండిటి మూతలూ ఒకే కొలత, ఒకే సిమెంటు. ఎండాకాలం మొదట్లో కుళాయి తిప్పితే ఒక వాసన రావడం మొదలైంది. వాచ్‌మన్‌తో అడిగిస్తే ప్రెసిడెంటు గారి జవాబు కిందికి దిగింది. క్లోరిన్ ఎక్కువ వేస్తున్నారట, ఆరోగ్యానికి మంచిదట. క్లోరిన్ వాసనకీ మురుగు వాసనకీ తేడా తెలియని ముక్కుతో ఆయన అన్నేళ్ళు ఇంజనీరుగా ఎలా నెట్టుకొచ్చారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సరిగ్గా ఆ ఎండాకాలంలోనే నా చెల్లెలు మా ఇంటికి వచ్చింది. పెళ్ళయిన చాలా ఏళ్ళకు నిలిచిన కడుపు, ఐదో నెల. చెల్లె భర్త, మా మరిది, మహారాష్ట్రలోని భివండిలో మరమగ్గాల దగ్గర పనిచేస్తాడు. ఊళ్ళో అయితే ఏదైనా ఇబ్బంది వస్తే పట్నం దవాఖానకే పంపుతారు కదా, ఆ ఉరుకులాటేదో లేకుండా ముందే వచ్చేద్దామని అమ్మ ఆలోచన. "పట్నంల మంచి డాక్టర్లుంటరు, ఏ ఫికరుండది" అంటూ అమ్మ కూడా బట్టలు సర్దుకుని వచ్చేసింది. ఆ బిడ్డ కోసం మా ఇంట్లో అందరం ఊపిరి బిగబట్టుకుని ఉన్నాం. మందులు, తిండి, నడక, ప్రతిదీ అమ్మ చూసుకునేది. క్యాన్ నీళ్ళు తప్ప తాగనిచ్చేది కాదు.

ఆషాఢంలో బల్కంపేట గుళ్ళో ఎల్లమ్మ కల్యాణం వచ్చింది. ఆ రోజు మా గల్లీలో జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ నడుస్తారు. మా అసోసియేషన్ ఏటా గేటు దగ్గర టెంటు వేసి భక్తులకు మజ్జిగ పంచుతుంది. టెంటు కన్నా ఫ్లెక్సీ పెద్దది. ఫ్లెక్సీ మీద అమ్మవారు ఒక మూల ఉంటుంది, మిగతా చోటంతా ప్రెసిడెంటు గారూ కార్యవర్గమూ చేతులు జోడించి నిలబడతారు. పెరుగు మంచి పెరుగే, డబ్బాల్లో తెప్పించారు. అంత పెరుగును పలచన చేయడానికి క్యాన్లు ఎక్కడ సరిపోతాయి? పార్కింగ్‌లో కార్లు కడిగే నీలం పైపు తెచ్చి నేరుగా డ్రమ్ములోకి వదిలారు. కొత్తిమీర చల్లారు, ఐసు వేశారు, బ్రహ్మాండంగా పంచారు. అమ్మవారి మజ్జిగ వద్దనకూడదని చెల్లె గేటు దగ్గరే నిలబడి తాగింది. అమ్మా తాగింది. ఓనర్లతో సమానంగా అద్దెవాళ్ళకు ఆ బిల్డింగ్‌లో దక్కింది అదొక్కటే.

శ్రావణం నడుస్తుండగా చెల్లెకు వాంతులు మొదలయ్యాయి. అన్నం వాసన పడటం లేదు, కాళ్ళలో సత్తువ లేదు. మూడో అంతస్తు ఆంటీ మెట్ల దగ్గర కనబడి "కడుపుతో ఉన్నవాళ్ళకి మామూలేనమ్మా, కంగారు పడకండి" అంది. మెడికల్ షాపు అన్న చెల్లె మొహం కూడా చూడకుండా గ్యాస్ అని తేల్చేశాడు. గల్లీ చివర క్లినిక్ డాక్టరు రక్తపరీక్ష రాసి, రిపోర్టు చూసి, తల పంకించి "టైఫాయిడ్ ఛాయలున్నాయి" అన్నాడు. మా అమీర్‌పేటలో టైఫాయిడ్ ఎవరికీ పూర్తిగా రాదు, ఎప్పుడూ ఛాయలే వస్తాయి. ఆ ఛాయలకు మాత్రం నిజమైన ఇంజెక్షన్లు పొడుస్తారు. అమ్మ ఇవన్నీ విని చివరికి దిష్టి అని తీర్మానించి ఎండుమిరపకాయలు తిప్పేసింది.

ఒక మధ్యాహ్నం బాల్కనీలో కూర్చోబెట్టి తల దువ్వుతుంటే చెల్లె పైకి చూసింది. ఎండ వెలుగులో కళ్ళు పచ్చగా ఉన్నాయి. చేతిలో దువ్వెన అక్కడే పడేసి, ఆటో ఎక్కించి పంజాగుట్టలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్కడి డాక్టరమ్మ కింది రెప్ప లాగి చూసింది. పరీక్షలు రాసి వెంటనే చేర్చుకుంది. సాయంత్రానికి లివర్ బాగా దెబ్బతిన్నదని తెలిసింది, ఆ తర్వాత వైరస్ పేరు కూడా తెలిసింది. కామెర్లలో చాలా రకాలున్నాయట, ఇది నీళ్ళ ద్వారా వచ్చే రకం.

"మలంలోంచి నీళ్ళలోకి, నీళ్ళలోంచి నోట్లోకి వస్తుంది," అంది డాక్టరమ్మ మొహమాటం లేకుండా. "దీనికి యాంటీబయాటిక్ పనిచేయదు. మామూలు మనుషులకు చాలామందికి దానంతటదే తగ్గుతుంది. నెలలు నిండుతున్నవాళ్ళకు మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. తల్లికీ, బిడ్డకీ కూడా. మీ బిల్డింగ్‌లో ఇంకెవరికైనా జాండిస్ వచ్చిందా?"

నాకు తెలియదన్నాను. కనుక్కుని చెప్పమంది. నీళ్ళలోంచి వచ్చేది ఒక్కళ్ళతో ఆగదనీ, అక్కడ ఇంకా ఎవరెవరు ఆ నీళ్ళు వాడుతున్నారో ఆలోచించమనీ చెప్పింది.

ఆ సాయంత్రమే పై నుంచి కిందికి ప్రతి తలుపూ కొట్టాను. తలుపులు చెయ్యి పట్టేంత తెరుచుకున్నాయి, అంతకన్నా తెరుచుకోలేదు. "మా ఇంట్లోనా? అబ్బే, మేం క్యాన్ వాటరేనండీ." "మా పిల్లాడికి కాస్త వేడి చేసింది, అంతే." మూడో అంతస్తు ఆంటీ "ఎవరికీ ఏం లేదమ్మా, మీ చెల్లెలు జాగ్రత్త" అని జాలిగా చూసి తలుపేసింది. లోపల ఎవరో వాంతి చేసుకుంటున్న చప్పుడు వినపడింది. టీవీ అనుకున్నాను.

ప్రెసిడెంటు గారు మాత్రం బయటికే వచ్చారు. "మన బిల్డింగ్‌లో జాండిసా? నెవర్. మీ ఊరి నుంచి పట్టుకొచ్చుంటుంది మీ చెల్లెలు. ఏంటమ్మా, అనవసరంగా ఇలాంటి మాటలు పుట్టిస్తే ఫ్లాట్లకి ఎంత చెడ్డపేరు?"

"సార్, మా చెల్లె ఎండాకాలం నుంచి ఈ బిల్డింగ్ దాటలే" అన్నాను. అది తన డిపార్ట్‌మెంటు కాదన్నట్టు లోపలికి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ ఆసుపత్రికి పోయి డాక్టరమ్మకు ఇంకెవరికీ లేదటనే చెప్పాను.

అమ్మకు ఆసుపత్రి మీద నమ్మకం కుదరలేదు. గ్లూకోజు ఎక్కించి చూస్తూ కూర్చోవడం వైద్యమేనా అని ఆమె అనుమానం. "కామెర్లకు ఇంగ్లిష్ మందుల్లేవు బిడ్డా. యూసుఫ్‌గూడ దిక్కు ఒకాయన పసరు పోస్తడట. జర పోయి అడిగిరా, నా మాట విను" అని ఏడ్చింది. చెల్లెకు పసరు పట్టించే ఉద్దేశం నాకు లేదు. అమ్మ ఏడుపు చూడలేక, అడిగొస్తానని ఆదివారం పొద్దున బయల్దేరాను.

యూసుఫ్‌గూడ దాటాక ఒక సందులో ఆ ఇల్లు. సందు మొదట్లోంచే క్యూ ఉంది. అక్కడి నియమాలు గోడ మీద రాసి ఉన్నాయి. పరగడుపున రావాలి, పెరుగు ప్యాకెట్ తెచ్చుకోవాలి, నూనె, ఉప్పు, పసుపు మానాలి. పసుపు ఎందుకంటే అది పచ్చగా ఉంటుంది కాబట్టి, అంతకుమించి శాస్త్రం ఏమీ లేదు. అన్నిటికన్నా పెద్ద నియమం చివర్లో ఉంది. మందు తాగిన సంగతి తగ్గేదాకా ఎవరికీ చెప్పకూడదు, చెబితే గుణం పోతుంది. ఎంత గొప్ప వైద్యమో చూడండి. దానంతటదే తగ్గే రోగానికి పసరు పోసి పేరు తెచ్చుకోవచ్చు, తగ్గకపోతే నువ్వు ఎవరికో చెప్పి ఉంటావని రోగి మీదికే నెట్టొచ్చు. దాంతోపాటు, తమ ఇంట్లో కామెర్లున్నాయని పక్కింటికి తెలియకుండా చూసుకునే బాధ్యత రోగులే తీసుకుంటారు. వైరస్‌కు ఇంతకన్నా మంచి స్నేహితుడు దొరకడు.

క్యూ చివర నిలబడి ముందుకు చూస్తే నాకు తెలిసిన మంకీ క్యాప్ ఒకటి కనబడింది. మూడో అంతస్తు అంకుల్. పక్కన ఆంటీ, కొంగు మొహం మీదికి లాక్కుని. వాళ్ళ ముందు నాలుగో అంతస్తు బ్యాంకు దంపతులు, వాళ్ళ ముందు మా ఎదురింటి కాలేజీ అబ్బాయి, కళ్ళద్దాలు నల్లవి. అందరికన్నా ముందు, చేతిలో పెరుగు ప్యాకెట్‌తో, మాస్క్ వేసుకుని, మన ప్రెసిడెంటు గారు. టెర్రస్ మీద పెట్టిన ఏ జనరల్ బాడీకీ అంత హాజరు ఉండదని నేను ఒట్టేసి చెప్పగలను. అద్దెవాళ్ళను రానిచ్చిన మొదటి మీటింగ్ కూడా అదే.

అందరూ నన్ను చూశారు, ఎవరూ నన్ను చూడలేదు. ఆంటీ గోడ మీది నియమాలు మళ్ళీ మొదట్నించీ చదవసాగింది.

ప్రెసిడెంటు గారి వంతు వచ్చింది. లోపల పీట మీద కూర్చున్న పసరు ఆయనకు మొహమాటాలు తెలియవు, గొంతు కూడా పెద్దది. "ఏం సారూ, మళ్ళొచ్చిండ్రు? పోయినపాలి కోడలికి తగ్గింది గదా! ఇప్పుడు మనవడికా?"

నేను క్యూ వదిలేసి ముందుకు పోయాను. "సార్, బిల్డింగ్‌ల ఎవ్వరికీ లేదన్నరు గదా మొన్న?"

ఆయన మాస్క్ సర్దుకున్నారు. "మెల్లిగా మాట్లాడమ్మా. మందు పడ్డాక చెప్పకూడదు. గోడ మీద రాసుంది చూడు."

"మా చెల్లె దవాఖానల పడి ఉన్నది సార్. ఎనిమిదో నెల."

"అయ్యో, నేను కాదన్నానా? ప్రతి ఇంటికీ వాళ్ళ వాళ్ళ ఇబ్బందులుంటాయి. మన మంచికే, బిల్డింగ్ మంచికే కదా ఊరుకున్నాం."

బిల్డింగ్ మంచి అనే ఆ మాట విన్నప్పుడు ఆయన చేతిలోని పెరుగు ప్యాకెట్ లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. పసరు ఆయన నావైపు తిరిగి "కడుపుతోని ఉన్నోళ్ళకు నేను పొయ్యనమ్మా, తీస్కపోయి దవాఖానలనే ఉంచు" అన్నాడు. ఏదైనా జరిగితే సందు ఖాళీ చేయాల్సి వస్తుందని ఆయన భయం. భయమైనా ఉంది ఆయనకు, మా కార్యవర్గానికి అదీ లేదు.

అక్కణ్ణించి నేరుగా ఆసుపత్రికి పోయి డాక్టరమ్మకు చూసింది చూసినట్టు చెప్పాను. "బిల్డింగ్‌లో జాండిస్ ఉందని తెలిసుంటే, మొదటి వాంతికే మీరు నా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఎవరూ గ్యాస్ అనేవాళ్ళు కాదు. అసలు ఆ నీళ్ళు నోట్లో పెట్టుకునేవాళ్ళే కాదు" అంది.

ఆ రోజు వాచ్‌మన్‌తో సంపు మూత తీయించాను. ప్రెసిడెంటు గారి అనుమతి లేదని వాచ్‌మన్ గునిశాడు గానీ, అతని పిల్లలూ ఆ నీళ్ళే తాగుతున్నారు కాబట్టి తీశాడు. చాంబరుకీ సంపుకీ మధ్య గోడ నెర్రెలిచ్చింది. ఇటు నుంచి అటు నల్లగా ఊరుతోంది. ఓనర్లు, అద్దెవాళ్ళు, అందరి దొడ్డి నీళ్ళూ అక్కడ కలిసి, మోటారు ఎక్కి, మళ్ళీ అందరి ఇళ్ళకూ సమానంగా పోతున్నాయి. చూడటానికి వచ్చిన ప్రెసిడెంటు గారు ముక్కు మూసుకుని "కాస్త తేమ వచ్చినట్టుంది" అన్నారు. తర్వాత సంపు కడిగించారు, గోడ కట్టించారు, బ్లీచింగ్ కలిపించారు. నీళ్ళు కాచి వాడుకోమని గోడ మీద కొత్త నోటీసు వచ్చింది. ఎందుకు కాచాలో మాత్రం అందులో లేదు.

చెల్లె మత్తులోకి జారిపోయింది. పిలిస్తే పలికేది, పలికిన సంగతి మర్చిపోయేది. ఐసీయూ బయట అమ్మ ఏ దేవుణ్ణీ వదలకుండా మొక్కుకుంది. మరిది భివండి నుంచి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నొప్పులు వాటంతటవే వచ్చాయి. ఆడపిల్ల. పుట్టకముందే పోయింది. రక్తం ఆగక చెల్లె కూడా పోతుందనుకున్నాం, ఎవరెవరిదో రక్తం ఎక్కించారు, బతికింది. నా జీవితంలో నేనంత సంతోషంగానూ అంత కోపంగానూ ఒకేసారి ఎప్పుడూ లేను.

ఇంటికి తెచ్చాక పలకరింపులు మొదలయ్యాయి. మొన్నటిదాకా చెయ్యి పట్టేంత తెరుచుకున్న తలుపులన్నీ బార్లా తెరుచుకుని, వాటిలోంచి మనుషులు కొబ్బరిబోండాలు పట్టుకుని దిగారు. విచిత్రం ఏమిటంటే అందరికీ ఒక్కసారి నోళ్ళు వచ్చాయి. వాళ్ళకు తగ్గిపోయింది కదా, పసరు నియమం తీరిపోయింది. ఎవరికి ఎంత పచ్చబడిందో, ఎన్ని చోట్ల చూపించారో, ఎవరు ఎంత చిక్కారో, ఓదార్పు కింద మా చెల్లెకు పూసగుచ్చినట్టు చెప్పారు. నీ ఒక్కదానికే కాదు అనేది వాళ్ళ భావం.

మూడో అంతస్తు ఆంటీ అందరికన్నా దగ్గరగా, మంచం మీదే కూర్చుంది. మంచి మనిషే. చెల్లె చెయ్యి పట్టుకుని నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మా వాడికి కూడా ఇలాగే అయిందమ్మా. కళ్ళు చామంతి పువ్వుల్లా అయిపోయాయి. ఎంత భయపడ్డామో. ధైర్యంగా ఉండాలి."

చెల్లె మెల్లిగా తల తిప్పింది. "ఎప్పుడొచ్చింది ఆంటీ మీ వాడికి?"

ఆంటీకి ఉత్సాహం వచ్చింది. "ఆవకాయ పెట్టుకున్న రోజుల్లోనమ్మా. కొత్తావకాయ ముద్ద కూడా ముట్టనివ్వలేదు వాణ్ణి. అంత పథ్యం చేయించాను కాబట్టే తేలిగ్గా బయటపడ్డాడు. ఒక్క పురుగుకి తెలియనిచ్చానా?"

చెల్లె ఆమె చేతిలోంచి తన చెయ్యి తీసుకుని కడుపు మీద పెట్టుకుంది.

"గప్పుడే ఆంటీ," అంది, "నా బిడ్డ కొత్తగ తన్నుడు మొదలువెట్టింది."